ఆక్సిజన్ తగ్గితే లివర్ క్యాన్సర్ బలపడుతుందంటారు, మరి టేస్ (TACE) చికిత్సలో ట్యూమర్‌కు రక్తం ఎందుకు ఆపుతారు?

నమస్కారం. బయోకెమిస్ట్రీ చదువుతున్నాను, సెమినార్‌కి ఈ టాపిక్ తీసుకున్నాను. ఒక దగ్గర బుర్ర ఆగిపోయింది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

నాకు అర్థమైనది ఇది. కణానికి ఆక్సిజన్ బాగా అందుతున్నప్పుడు హిఫ్-1 ఆల్ఫా ప్రోటీన్ తయారైన కాసేపటికే నాశనమైపోతుంది. ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్ ఎంజైములు దానికి ఓ గుర్తు పెడతాయి, విహెచ్ఎల్ ప్రోటీన్ ఆ గుర్తును పట్టుకుంటుంది, ఆపైన ప్రోటియాసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ గుర్తు సరిగా పడదు. హిఫ్ పోగుపడి విఇజిఎఫ్ (రక్తనాళాలను పెంచే ప్రోటీన్) లాంటి జన్యువులను లేపుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. (2019 వైద్య నోబెల్ ఈ ఆక్సిజన్ సెన్సింగ్‌కే వచ్చింది.) ఇంతవరకు ఓకే.

నా డౌట్ ట్రీట్‌మెంట్ గురించి. లివర్‌కు వచ్చే రక్తంలో దాదాపు నాలుగింట మూడొంతులు పోర్టల్ సిర నుంచి వస్తుంది. ట్యూమర్ మాత్రం ఎక్కువగా హెపాటిక్ ధమని మీదే బతుకుతుంది. అందుకే టేస్‌లో కీమో మందు ఇచ్చి, ట్యూమర్‌కు వెళ్ళే ధమని కొమ్మను మూసేస్తారు. మరి చావకుండా మిగిలిన కణాలకు ఆక్సిజన్ ఇంకా తగ్గి, హిఫ్ పెరిగి, అవి మరింత మొండిగా తయారవవా? టేస్ తర్వాత విఇజిఎఫ్ పెరుగుతుందని కూడా చదివాను. టేస్‌కు విఇజిఎఫ్ సంకేతాన్ని అడ్డుకునే సోరాఫెనిబ్ మందు జతచేసి ప్రయత్నించింది ఇందుకేనా?

ఇంకొకటి. మామూలు లివర్‌లో కూడా సెంట్రల్ సిర (లివర్‌లోని ప్రతి చిన్న భాగం నుంచి రక్తం బయటికి పోయే సిర) దగ్గర ఆక్సిజన్ తక్కువే కదా! అక్కడి కణాలు హాయిగా బతుకుతుంటే, సిర్రోసిస్ వచ్చిన (మచ్చలు పడి గట్టిపడిన) లివర్‌లో అదే కొరత ఎందుకు ప్రమాదమవుతోంది? రెండో ప్రశ్నకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది, మా గైడ్ కచ్చితంగా అడుగుతారు.