సమస్యాపూరణం: "రాత్రి చచ్చు పిట్ట రవికి లేచు"

మాస్టారు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. చచ్చిన పిట్ట లేవడమేమిటని కంగారు పడకండి, సమస్యంటేనే అది. ఫీనిక్సు, సంజీవని, పరకాయప్రవేశం మాత్రం వద్దు, అవి అందరికీ తట్టేవే. ఈక్వడార్ దేశంలో ఆండీస్ కొండల మీద, సుమారు 3,500 మీటర్ల నుంచి మంచుగీత దాకా బతికే హిల్‌స్టార్ అనే హమ్మింగ్‌బర్డ్ ఉంది. మగదానికి తలంతా ఊదారంగు ముసుగు, పొట్ట తెలుపు. బరువు మన పది రూపాయల బిళ్ళంత. పగలు ఎండ మాడుస్తుంది, రాత్రయితే నీళ్ళు గడ్డకట్టే చలి. అంత చిన్న ఒంట్లో తెల్లవార్లూ వేడి నిలపడానికి పగలు తాగిన తేనె చాలదు, అందుకని పొయ్యి ఆర్పేసినట్టు ఒంటి వేడి తగ్గించుకుని జడంగా పడి ఉంటుంది. దీన్నే టార్పర్ అంటారు. పద్యంలో "చచ్చు" అనే మాటకి సమాధానం దొరకాలి, అదొక్కటే నా షరతు.

అమలాపురం అక్క: నేనే బోణీ.

మాదు పెరటిలోని మందార పువ్వుపై
తేనె తాగి తాగి తిరిగి తిరిగి
అలసి కునుకు తీసి యరుణోదయమ్మున
రాత్రి చచ్చు పిట్ట రవికి లేచు

మాస్టారు: అక్కా, గణాలకి, యతికి వంక పెట్టలేను. మూడో పాదంలో అకారానికి యకారంతో యతి హాయిగా పడింది. కానీ మీ మందారం మీద వాలేది తేనెపిట్ట, హమ్మింగ్‌బర్డ్ కాదు. హమ్మింగ్‌బర్డ్ జాతి మొత్తం అమెరికా ఖండాల్లోనే ఉంది, మన దగ్గర ఒక్కటి కూడా లేదు. రెండూ పువ్వుల తేనె తాగుతాయి, రెండూ మెరుస్తాయి, చుట్టరికం మాత్రం లేదు. ఇంకో మాట, కునుకు తీస్తే చచ్చినట్టా? ఆ లెక్కన మా ఇంట్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ పోయినట్టే.

అమలాపురం అక్క: సరే, పిట్ట మార్చి మళ్ళీ వస్తా. "మాదు" కూడా గణం కోసం ఇరికించిందే, మీరు అనకముందే ఒప్పేసుకుంటున్నా.

కొండెక్కినవాడు:

చింబొరాజొ కొండ చేరువ మంచులో
గుండె కొట్టుకొనుట కొంచెమగుచు
మేను చల్లబడగ మృతి వోలె నిదురించి
రాత్రి చచ్చు పిట్ట రవికి లేచు

చింబొరాజో ఎత్తు 6,263 మీటర్లు. భూమి నడిబొడ్డు నుంచి కొలిస్తే దాని శిఖరం ఎవరెస్టు కంటే దూరం, అందుకే ఆ కొండని వదలబుద్ధి కాలేదు. చివర దీర్ఘం నొక్కేసినందుకు ఈక్వడార్ వాళ్ళు క్షమించాలి.

మాస్టారు: "గుండె"కి "కొంచెం" వర్గయతి, బాగుంది. ఎగిరేటప్పుడు హమ్మింగ్‌బర్డ్ గుండె నిమిషానికి వెయ్యిసార్లు పైన కొట్టుకుంటుంది, టార్పర్‌లో అది యాభై ప్రాంతానికి పడిపోగలదు, కాబట్టి "కొంచెమగుచు" అక్షరాలా నిజం. చిక్కంతా మొదటి పాదంలో ఉంది. మంచులో పడుకుంటే ఆ పిట్ట నిజంగానే చస్తుంది, రవి వచ్చినా లేవదు. అది రాత్రి గుహల్లోనో రాతి పగుళ్ళలోనో దూరుతుంది, బయటికంటే అక్కడ చలి తక్కువ. "చింబొరాజొ కొండ చీలిక గూటిలో" అని చూడు. యతి చెడదు, పిట్టా బతుకుతుంది.

కొండెక్కినవాడు: మార్చేశా. పిట్ట ప్రాణం మీ చలవ.

కొత్త సభ్యుడు: గురువుగారూ, నాకు ఒక్క పాదమే కుదిరింది, తప్పుంటే తిట్టకండి, అసలే టెన్షన్‌గా ఉంది: "గాలి తక్కువ కనుక కాళ్ళతో పట్టుకుని".

మాస్టారు: తిట్టను నాయనా, విషయం అసలైనది పట్టావు. గాలి, తక్కు, వకను వరకు మూడు సూర్యగణాలూ సరే. నాలుగోది "కకాళ్ళతో" అవుతోంది, లఘువుతో మొదలై వెంటనే గురువు. అలాంటి ఇంద్రగణం లేదు. తమాషా ఏమిటంటే యతి మాత్రం కాకతాళీయంగా పడింది. "గాలి పలుచనయిన కాళ్ళతో పట్టుకు" అంటే సరిపోతుంది. మిగతావాళ్ళ కోసం చెబుతున్నా, అంత ఎత్తులో పలుచని గాలిలో రెక్కలాడిస్తూ ఒకచోట నిలబడాలంటే చాలా శక్తి ఖర్చు. అందుకే హిల్‌స్టార్ చాలాసార్లు చుకిరాగ అనే ముళ్ళపొద మీద వాలి, బలమైన కాళ్ళతో పట్టుకుని నారింజరంగు పువ్వులోకి ముక్కు దూరుస్తుంది. మిగతా మూడు పాదాలూ నీ బాధ్యతే.

డాలస్ బావ: మా పెరట్లో పంచదార నీళ్ళ గిన్నెకి (ఒక వంతు పంచదార, నాలుగు వంతుల నీళ్ళు) వేరే జాతి హమ్మింగ్‌బర్డ్స్ వస్తాయి. ఒక చలి ఉదయం ఒకటి కొమ్మ మీద ఈకలన్నీ ఉబ్బించి, ముక్కు పైకెత్తి, కదలకుండా కూర్చుంది. దగ్గరికెళ్ళినా కన్ను తెరవలేదు. పోయిందనుకుని మా ఆవిడని పిలిచేలోపు ఒళ్ళు సన్నగా వణకడం మొదలైంది, ఇంకాసేపటికి తుర్రుమంది. ఆ వణుకుని నా పద్యంలో పెట్టా, పిట్ట మాత్రం పెరూ దేశపుది.

మూడు డిగ్రిలంట ముట్టితే మంచురా
పెరువు కొండలోన పిట్ట యొడలు
వేకువందు వణికి వేడిని పుట్టించి
రాత్రి చచ్చు పిట్ట రవికి లేచు

మాస్టారు: బావగారూ, ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకిదే నచ్చింది, ఎందుకంటే చావే కాదు, లేవడం ఎలాగో కూడా చెప్పారు. కండరాలు వణికించుకుని తనంతట తానే వేడెక్కుతుంది, పైగా చాలాసార్లు తెల్లవారక ముందే మొదలుపెడుతుంది. ఆ మూడు డిగ్రీలు కూడా కల్పన కాదు. 2020లో వచ్చిన పరిశోధనలో, పెరూ ఆండీస్‌లో 3,800 మీటర్ల దగ్గర బ్లాక్ మెటల్‌టెయిల్ అనే హమ్మింగ్‌బర్డ్ ఒంటి వేడి రాత్రి 3.26 డిగ్రీల సెల్సియస్‌కి దిగింది. మన ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె కూడా దాదాపు అంతే చల్లగా ఉంటుంది. పెరుగంటే గుర్తొచ్చింది, "పెరువు" నా చెవికి పెరుగులాగే వినపడుతోంది. "డిగ్రిలు" కాదు, డిగ్రీలు. సరదా పద్యం కాబట్టి రెండూ వదిలేస్తున్నా.

అమలాపురం అక్క: మళ్ళీ వచ్చా. మీరంతా చావు గురించే రాస్తున్నారు, గూట్లో కూర్చున్న ఆడపిట్ట సంగతి ఎవరికీ పట్టలేదు.

గుడ్లు పొదుగు తల్లి కునుకులో చావదు
తండ్రి జాడ లేదు తడవి చూడ
ఒంటి బతుకు వాడిదింటి బాధలు లేవు
రాత్రి చచ్చు పిట్ట రవికి లేచు

డాలస్ బావ: అక్కా, దెబ్బ నాకే తగిలింది.

మాస్టారు: మూడో పాదంలో "ఒంటి", "దింటి" ప్రాసయతి, ఎక్కడా అతికించినట్టు లేదు. విషయమూ సరైనదే. రాతి చూరు కింద గూడు అతికించి, రెండు గుడ్లు పెట్టి, పొదగడం, పిల్లలకి పెట్టడం అన్నీ ఆడదే చూసుకుంటుంది, మగదాని సాయం సున్నా. గుడ్ల మీదున్నన్నాళ్ళు తల్లి మామూలుగా టార్పర్‌లోకి జారదు, జారితే గుడ్లు చల్లబడతాయి. ఒక్క అభ్యంతరం, గూడు లేని రోజుల్లో ఆడపిట్ట కూడా "చస్తుంది", కాబట్టి నాలుగో పాదాన్ని మగవాడి ఒక్కడికే అంటగట్టడం కొంచెం అన్యాయం.

అమలాపురం అక్క: ఉండనివ్వండి మాస్టారూ, ఈ ఒక్కసారికి.

మాస్టారు: ఉండనిచ్చా. ఈ వారం మొదటి స్థానం అక్కకీ బావకీ చెరి సగం. వచ్చే వారం సమస్య, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే: "విషము లేక మెడను వెలిగె నీలి". శివుడి మీద రాసినవాళ్ళవి చూడను. 2018లో కొత్త జాతిగా పేరు పెట్టిన హిల్‌స్టార్ ఒకటి ఈక్వడార్ నైరుతి కొండల్లో ఉంది, మగదానికి గొంతు నీలం. మొత్తం కలిపి 750కి మించి ఉండవని దాన్ని కనిపెట్టినవాళ్ళ అంచనా. గడువు ఆదివారం రాత్రి, మన రాత్రి, డాలస్ రాత్రి కాదు.