డిస్క్ ఖాళీగానే ఉంది, మరి ‘నో స్పేస్ లెఫ్ట్’ ఏంటి?

ప్రశ్న:
లినక్స్‌లో డెవ్ సర్వర్ (కోడ్ రాస్తూ నడిపి చూసుకునే సర్వర్) ఆన్ చేయగానే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని ఆగిపోతోంది. డిస్క్‌లో జాగా చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే 41 జీబీ ఖాళీ! నమ్మబుద్ధి కాక పాత బిల్డ్‌లు, డాకర్ ఇమేజ్‌లు అన్నీ తుడిచేశాను. ఇప్పుడు 63 జీబీ ఖాళీ, అదే ఎర్రర్. రాత్రంతా దీంతోనే సరిపోయింది.

జవాబు:
ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున పట్టే రికార్డులు) అయిపోయాయేమో. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే జాగా మిగిలినా ఇదే మెసేజ్ వస్తుంది. డీఎఫ్‌కి మైనస్ ఐ పెట్టి చూడండి.

అడిగినవారు:
చూశానండి, 12 శాతమే వాడకం.

ఇంకో జవాబు:
డిస్క్‌ని వదిలేయండి, పాపం దాని తప్పేం లేదు. ఫైళ్లలో మార్పులు పసిగట్టడానికి డెవ్ సర్వర్ లినక్స్‌లోని ఇనోటిఫై అనే సదుపాయం వాడుతుంది, ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో వాచ్ (నిఘా) పెడుతుంది. యూజర్‌కి ఇచ్చిన వాచ్‌ల పరిమితి దాటితే కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) ఇచ్చేది కూడా ఎనోస్పీసీ, అంటే ‘జాగా లేదు’ అనే ఎర్రర్ కోడే. మ్యాన్ పేజీలో (లినక్స్ మాన్యువల్‌లో) ఈ సంగతి ఉంది. కానీ ఆ కోడ్‌ని మాటల్లోకి మార్చే స్ట్రెర్రర్ ఫంక్షన్‌కి ఏ కాల్ ఫెయిలైందో తెలియదు కదా, డిస్క్ కోసం రాసిన వాక్యాన్నే అంటించేస్తుంది. నేనూ ఒకసారి దీని దెబ్బకి హార్డ్‌డిస్క్ మార్చబోయాను. ప్రోగ్రామ్ కెర్నల్‌ని అడిగేవన్నీ చూపే ఎస్‌ట్రేస్‌తో నడిపితే ‘ఇనోటిఫై యాడ్ వాచ్’ దగ్గర తన్నేయడం కళ్లారా కనిపిస్తుంది. పాత కెర్నల్స్‌లో పరిమితి 8192, 5.11 వెర్షన్ నుంచి ర్యామ్‌ని బట్టి ఉంటుంది. కెర్నల్ సెట్టింగ్‌లు మార్చే సిస్‌సీటీఎల్ కమాండ్‌తో పెంచండి.

అడిగినవారు:
అక్షరాలా 8192 ఉంది! 524288 చేశాను, సర్వర్ టక్కున లేచింది. తుడిచేసిన డాకర్ ఇమేజ్‌లే మళ్లీ దించుకుంటున్నా.