14 నెలలుగా స్టార్ట్ చేయని ఎల్ఎస్6 ఇంజిన్ కారు: మన కోసం తాళం తిప్పమనాలా, వద్దనాలా?

పోంటియాక్_పిచ్చి (చర్చ మొదలుపెట్టినవారు):
వచ్చే శనివారం మిషిగన్‌లో ఒకాయన సొంత మజిల్ కార్ల (1960, 70ల నాటి, పెద్ద ఇంజిన్లున్న అమెరికన్ కార్ల) కలెక్షన్ చూడ్డానికి 9 మందిమి వెళ్తున్నాం. 1964 పోంటియాక్ జీటీఓ ట్రై-పవర్ (మూడు కార్బ్యురేటర్లది) ఉంది, 1970 ప్లిమత్ రోడ్ రన్నర్ 440 సిక్స్ బ్యారెల్ ఉంది. వీటన్నిటికంటే మా కళ్ళున్నది 1970 షెవ్రొలే చెవెల్ ఎస్ఎస్ 454 ఎల్ఎస్6 మీద. ఎల్ఎస్6 అనేది దాని ఇంజిన్ పేరు. ఫోర్ స్పీడ్, రిస్టోర్ చేయని కారు, ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. 14 నెలలుగా స్టార్ట్ చేయలేదట. "ఇంతమంది వస్తున్నారుగా, కావాలంటే స్టార్ట్ చేస్తాను" అని ఫోన్లో ఆయనే అన్నారు. ఏం చెప్పమంటారు?

నాలుగు_బ్యారెళ్ళు:
సరేననండి. కంపెనీ లెక్కలోనే 450 హార్స్‌పవర్ ఉన్న ఇంజిన్ అది. కారును చంపేది నడపడం కాదు, నిలబెట్టి ఉంచడం. హోలీ 780 కార్బ్యురేటర్ (కార్బ్) బౌల్స్‌లో పెట్రోల్ ఆరిపోయి యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రమ్ గట్టిపడుతుంది. డాట్ 3 బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుని వీల్ సిలిండర్లలో పిస్టన్లు బిగుసుకుంటాయి. సీళ్ళు ఎండి లీకులు మొదలవుతాయి. ఇంకో ఏడాది ఆగితే ఇంకా పాడవుతుంది.

స్టాంప్_ప్యాడ్:
వద్దనండి. ఎల్ఎస్6‌లో ఉన్నవి సాలిడ్ ఫ్లాట్ టాపెట్ లిఫ్టర్లు. క్యామ్ లోబ్ (వాల్వులు తెరిచే కడ్డీ మీది ఉబ్బు), దాని మీద ఆనే లిఫ్టర్ ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతాయి, మధ్యలో రోలర్ ఉండదు. 14 నెలల్లో నూనె అంతా కిందికి జారి అడుగు తొట్టి అయిన సంప్‌లో చేరింది. తాళం తిప్పగానే పంపు నుంచి నూనె అందేలోపు ఆ కొన్ని క్షణాలు పొడి ఇనుము మీద పొడి ఇనుమే. పైగా సంప్‌లో ఏ నూనె ఉందో మనకు తెలీదు. ఇప్పటి 5డబ్ల్యూ-30 ఎస్‌పీ గ్రేడ్ నూనెల్లో అరుగుదలను ఆపే ఫాస్ఫరస్ 800 పీపీఎం దాటకూడదు. ఈ క్యామ్‌కు 1,000 నుంచి 1,200 కావాలి. ఒక్క లోబ్ అరిగితే ఆ రజను బేరింగుల్లోకి పోతుంది. ఇంజిన్ విప్పాలి, బ్లాక్ మెషిన్ షాపుకెళ్ళాలి, అక్కడ డెక్ చేస్తారు, అంటే సిలిండర్ హెడ్ కూర్చునే బ్లాక్ పైముఖాన్ని కోసి చదును చేస్తారు. డెక్ చేస్తే ఇంజిన్ నంబర్లు కొట్టి ఉన్న ప్యాడ్ పోతుంది.

ఒంగోలు_ఓవర్‌డ్రైవ్:
సౌండ్ వినకుండా వచ్చేదానికి అంత దూరం ఎందుకండీ.

నాలుగు_బ్యారెళ్ళు:
డెక్ చేయొద్దని షాపువాడికి చెబితే చేయడు. దానికోసం కారు జీవితాంతం మూగగా ఉండాలా? ప్రైమ్ చేసి (ముందే ఇంజిన్ అంతటా నూనె ఎక్కించి) స్టార్ట్ చేస్తే అసలు ఆ భయమే లేదు. పద్ధతి ఇది: స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో ఒక చెంచా నూనె పోయాలి, బోల్టు పట్టుకుని క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడా పట్టేయకూడదు. తర్వాత డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) ఎక్కడ కూర్చుందో, దాని రోటర్ ఎటు చూస్తుందో గుర్తు పెట్టుకుని దాన్ని బయటికి తీయాలి. ఆ చోట ప్రైమింగ్ టూల్ పెట్టి డ్రిల్లుతో గడియారం తిరిగే వైపే తిప్పాలి. ఉత్త కడ్డీ పనికిరాదు. షెవ్రొలే వీ8‌లో డిస్ట్రిబ్యూటర్ బాడీయే నూనె దారికి ఒక గోడ, బాడీ ఉన్న టూల్ కాకపోతే ప్రెజర్ అక్కడే జారిపోతుంది. గేజ్‌లో ప్రెజర్ వచ్చాక క్రాంక్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, వాల్వ్ కవర్లు తీసి వాల్వులను నొక్కే 16 రాకర్ల దగ్గరా నూనె కనబడేదాకా ఆగకూడదు. పాత పెట్రోల్ ముట్టుకోకుండా పెట్రోల్ పంపు ఇన్‌లెట్‌కు వేరే డబ్బా తగిలించాలి. ఇద్దరుంటే రెండు గంటల పని.

స్టాంప్_ప్యాడ్:
విప్పని కారు అని మొదటి పోస్టులోనే ఉంది. డిస్ట్రిబ్యూటర్ క్లాంప్ మీద ఫ్యాక్టరీ నారింజ రంగు పెయింట్ ఇంకా చెదరకుండా ఉంటుంది. మీరు చెప్పిన రెండు గంటల పనిలో అది పోతుంది. ఆ కార్లో ఇంకెవరూ తిరిగి పెట్టలేనిది అదే. ఇక డెక్ సంగతి. ప్యాడ్ కుడి హెడ్ ముందు, డెక్ ఎత్తులోనే ఉంటుంది. కట్టర్ దాని మీదుగానే పోతుంది. చెప్పకపోతే షాపువాడు అలవాటుగా చేసేస్తాడు. దాని మీద సీఆర్‌వీ అని కోడ్, కారు వరుస నంబరు, ఫ్యాక్టరీ బ్రోచ్ గీతలు (బ్లాక్‌ను చదును చేసిన కట్టర్ గుర్తులు) ఉంటాయి. 1970 చెవెల్ విన్‌లో (కారు గుర్తింపు నంబరులో) ఇది వీ8 అని తెలుస్తుందే గానీ ఎల్ఎస్6 అని తెలీదు. ఆ ఏడాది ఎస్ఎస్ కూడా ఆప్షనే. మిగిలిన సాక్ష్యం ప్యాడ్, పెట్రోల్ ట్యాంకు మీద దొరికితే బిల్డ్ షీటు (కారులో ఏమేం వేయాలో ఫ్యాక్టరీ రాసుకున్న కాగితం). అంతే.

మోపార్_మురళి:
రోడ్ రన్నర్‌కు ఆ బాధ లేదు. విన్ ఐదో అక్షరం వీ ఉంటే 440 సిక్స్ బ్యారెల్, ఆర్ ఉంటే హెమీ అనే ఇంకో ఇంజిన్. ఫెండర్ ట్యాగ్‌లో 440 సిక్స్ బ్యారెల్ కోడ్ ఈ87 కూడా చూసుకోండి.

నాలుగు_బ్యారెళ్ళు:
నేను ఇంజిన్ గురించి మాట్లాడుతుంటే మీరు అంకెల గురించి మాట్లాడుతున్నారు. డెక్ చేయకుండా రీబిల్డ్ చేయొచ్చా, లేదా? సూటిగా చెప్పండి.

స్టాంప్_ప్యాడ్:
డెక్ చదునుగా ఉంటే చేయొచ్చు, స్టీల్ షిమ్ బదులు కాంపోజిషన్ గ్యాస్కెట్ వేస్తే చిన్న లోపాల్ని అది సర్దుకుంటుంది. కానీ ప్రశ్న రీబిల్డ్ ఎలా చేయాలని కాదు, ఎందుకు తెచ్చుకోవాలని. అదీగాక అయిదు నిమిషాల ఐడిల్‌కు ఇంత తతంగమా? లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు తయారవుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అందులో కొంత సంప్‌లోకి, ఎగ్జాస్ట్‌లోకి చేరుతుంది. నూనె 90 డిగ్రీలు దాటి కాసేపు నిలబడితేనే ఆరుతుంది. అంటే అరగంట రోడ్డు మీద నడపాలి. టైర్లు పాతవి, బ్రేకులు ఎలా ఉన్నాయో తెలీదు. నడపరు. కాబట్టి స్టార్ట్ చేసి ఆపేస్తారు. అన్నిటికంటే చెడ్డ పద్ధతి అదే.

హ్యూస్టన్_హర్స్ట్:
ఒకవేళ స్టార్ట్ చేస్తే ఒకటి మరవకండి. పెద్ద తలుపు తెరిచి కారును సగం బయటికి తోయాలి. వీటికి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండదు, లోపల కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో నిండుతుంది. కార్బ్‌లోంచి బ్యాక్‌ఫైర్ వస్తే ఆర్పడానికి క్లీన్ ఏజెంట్ (పొడి మిగల్చని మందు) సిలిండర్ పక్కనే ఉండాలి. పొడి మందు వాడితే మంట ఆరుతుంది గానీ ఆ పొడి అల్యూమినియం ఇన్‌టేక్‌ను తినేస్తుంది. ఇంకోటి, స్టార్ట్ చేయకపోయినా ఇది గుర్తుంచుకోండి: ఈ జీఎం (జనరల్ మోటార్స్) కార్ల పెయింట్ యాక్రిలిక్ లాకర్ అనే సున్నితమైన రంగు. బెల్టు బకిల్, కెమెరా పట్టీ, ఉంగరం తగిలితే గీత పడుతుంది. దుమ్ము ఉందని చొక్కా చేత్తో తుడవకండి.

నాలుగు_బ్యారెళ్ళు:
మీ దృష్టిలో అది కారు కాదండీ, లాకర్లో పెట్టిన బంగారం. వేలంలో రేటు తగ్గుతుందేమోనన్న దిగులు తప్ప మీ మాటల్లో ఇంకేం లేదు. ఓనరే చేస్తానంటుంటే మధ్యలో మీరెవరు? నిరుడు డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపు వుడ్‌వర్డ్ క్రూజ్‌లో నేను ఒకాయన్ని హుడ్ ఎత్తమని అడిగితే అందరి ముందూ నన్ను ఆపింది కూడా మీరే.

స్టాంప్_ప్యాడ్:
అవును, ఆపాను, మళ్ళీ ఆపుతాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. రేటుతో నాకు పనిలేదు. మన ఇళ్ళల్లో గుమ్మం దిగుతున్నవాళ్ళని "భోంచేసి వెళ్ళండి" అంటాం. ఆ మాట ప్రేమే, కానీ వంట అయిందని కాదు. 9 మంది వస్తున్నారు, ఆయన మొహమాటానికి అన్నారు. మనం "అవునండీ, చేయండి" అంటే ఆయన వెనక్కి తగ్గలేరు. ప్రైమ్ చేసే టైముండదు, మనం చుట్టూ నిలబడి ఉంటాం, తాళం తిప్పేస్తారు. మొహమాటంలో ఒక లోబ్ పోతే మనం ఇంటికొచ్చేస్తాం, విప్పని ఇంజిన్ విప్పుకునేది ఆయన.

నాలుగు_బ్యారెళ్ళు:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మొహమాటం సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ నా గోడు కూడా వినండి. ఫ్లోరిడా పుంటా గోర్డాలో మజిల్ కార్ సిటీ మ్యూజియం 2021 జనవరిలో మూసేశారు, దాదాపు 200 కార్లు వేలంలో తలో దిక్కుకు పోయాయి. కలెక్షన్లన్నీ ఓనరు ఉన్నంతవరకే. ఆ ప్యాడ్ మీద అంకెలు చదివేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. సాలిడ్ లిఫ్టర్ల టకటక విని వాల్వ్ ల్యాష్ (వాల్వ్ దగ్గర వదిలే సన్నని ఖాళీ) ఏ సిలిండర్లో వదులైందో చెప్పగలిగేవాళ్ళు తగ్గిపోతున్నారు. చెవితో నేర్చుకునే పని అది. కార్లన్నీ మూగవైతే ఎక్కడ నేర్చుకోవాలి?

స్టాంప్_ప్యాడ్:
అది నిజం. రీబిల్డ్ అయిన కార్ల మీద నేర్చుకుందాం. విప్పని దాని మీద వద్దు.

నాలుగు_బ్యారెళ్ళు:
అక్కడే మీకూ నాకూ పడదు. విప్పనిది ఎలా మోగుతుందో రీబిల్డ్ చేసినది చెప్పదు.

పోంటియాక్_పిచ్చి:
ఇప్పుడే ఆయనతో మాట్లాడాను. చెవెల్ అలాగే ఉండనివ్వండి, టార్చి లైటుతో ప్యాడ్ చూపిస్తే చాలన్నాను. ఆయన గొంతులో తేలిక తెలిసింది. జీటీఓను మాత్రం రెండు వారాలకోసారి నడుపుతారట, దాన్ని బయటికి తీసి ఒక చుట్టు తిప్పుతానన్నారు. పెడల్ గట్టిగా తొక్కినప్పుడు బయటి రెండు కార్బ్‌లు తెరుచుకునే శబ్దం వినొచ్చు. 1964‌లో జీటీఓ అనేది లెమాన్స్ మీద ఆప్షన్, విన్‌లో ఉండదు కాబట్టి పీహెచ్‌ఎస్ (పోంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) ఇచ్చే, కారు ఎలా తయారైందో చెప్పే కాగితాలు కూడా తీసి ఉంచమన్నాను.

నాలుగు_బ్యారెళ్ళు:
వస్తాను. చెవెల్ సంప్‌లో ఏ నూనె పోశారో, ఎప్పుడు మార్చారో అడగండి. వసంతంలో ప్రైమ్ చేసుకుంటానంటే టూల్ నా దగ్గరుంది, నేనే తెస్తాను.

స్టాంప్_ప్యాడ్:
క్లాంప్ మీద పెయింట్‌ను ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయకుండా రెంచి పెట్టకండి.