ఊదితే షుగర్ చెప్పే మిషన్‌కి ఏ సెన్సరు కొనాలి?

కందుకూరు పీఎస్ టీచర్:

నమస్కారం. కందుకూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఇన్‌స్పైర్ మనక్‌కి (స్కూలు పిల్లల సైన్సు ఐడియాలకి కేంద్రం ఇచ్చే అవార్డు) రాసిన ఐడియా సెలెక్టయింది. పదివేలు వస్తాయి. వాళ్ళవ్వకి షుగరు. పొద్దున్నే వేలికి సూది పొడిచి చూసేది ఈ పిల్లే. ఏళ్ళ తరబడి పొగాకు గ్రేడింగు చేసిన చేతులు, వేళ్ళ కొసలు కాయలు కాసి ఉన్నాయి, ఒక్క పోటుకి చుక్క రాదు. "ఊదితే తెలిసేటట్టు చేద్దాం సార్" అని పట్టుబట్టింది. షుగరు ఉన్నవాళ్ళ ఊపిరిలో అసిటోన్ ఉంటుందని తనే చదువుకుని వచ్చింది.

నెట్‌లో ఎక్కడ చూసినా ఎంక్యూ 3, ఎంక్యూ 135, ఎంక్యూ 138 అనే గ్యాసు సెన్సర్లు అంటున్నారు. స్కూల్లో ఎంక్యూ 3 ఉంటే ఆర్డ్యునోకి (సెన్సరు రీడింగు చదివే చిన్న సర్క్యూట్ బోర్డు) తగిలించి చూశాం. ఎవరు ఊదినా రీడింగు లేస్తా ఉంది. షుగరు లేని నేను ఊదినా అంతే. డబ్బు ఒకసారే వస్తుంది, పిల్ల చాలా ఆశ పెట్టుకుంది. ఏది కొనమంటారు?

ఒంగోలు, బయోమెడికల్ సర్వీస్:

సార్, ఏ గ్యాసు కొలవాలి, అది ఎంత ఉంటుంది అనేది ముందు తేలాలి. సెన్సరు మాట ఆ తర్వాత.

మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ నాలుగైదు శాతం, ఆక్సిజన్ పదహారు శాతం దాకా, నిండా నీటి ఆవిరి, మిగతాదంతా దాదాపు నైట్రోజనే. అసిటోన్ మామూలు మనిషికి ఒక పీపీఎం లోపు, అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. షుగరు అదుపులో లేనివాళ్ళకి రెండు దాటొచ్చు. కీటోన్లు (ఒళ్ళు కొవ్వుని కరిగించుకున్నప్పుడు తయారయ్యేవి, అసిటోన్ వాటిలో ఒకటి) పెరిగిపోయి మనిషికి బాగా సీరియస్ అయినప్పుడు పదుల్లోకి పోతుంది. అప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకే పండు మాగిన వాసన తెలుస్తుంది. ఇప్పుడు ఫిగారో కంపెనీ గ్యాసు సెన్సరు టీజీఎస్ 822 డేటాషీటు తీసి చూడండి. గ్రాఫు 50 పీపీఎం దగ్గర మొదలై 5000 దాకా పోతుంది. మీరు చెప్పిన ఎంక్యూలు కూడా ఆ జాతివే. మీకు కావాల్సింది ఒకటి రెండు పీపీఎంల మధ్య తేడా.

మరి మీరు ఊదితే ఎందుకు లేచిందంటారా? ఆ సెన్సర్లలో వేడి చేసిన టిన్ ఆక్సైడ్ ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ దాని మీద అంటుకుని ఎలక్ట్రాన్లని పట్టి ఉంచుతుంది. మండే గ్యాసు ఏదొచ్చినా ఆ ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది, ఎలక్ట్రాన్లు వెనక్కొచ్చి రెసిస్టెన్సు పడిపోతుంది. వచ్చింది అసిటోనా, ఆల్కహాలా, హైడ్రోజనా అని అది విడదీసి చెప్పలేదు. నీటి ఆవిరికి కూడా కదులుతుంది. పాలు పడనివాళ్ళు పాలు తాగితే పేగుల్లో పులిసి ఊపిరిలో హైడ్రోజన్ 20 పీపీఎం పైగా లేస్తుంది, డాక్టర్లు చేసే లాక్టోస్ పరీక్షకి ఆధారం అదే. అంత హైడ్రోజన్‌లో ఒక పీపీఎం అసిటోన్ కనపడదు. అందుకే ఏ శాంపిలైనా పరగడుపున, నోరు పుక్కిలించాకే తీసుకోవాలి.

అమ్మాయి చేత ఇది చేయించండి. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు పోసి, చేప తొట్టికి వాడే చిన్న పంపుతో నీళ్ళలోంచి గాలి పంపి, ఆ తడి గాలిని సెన్సరు మీదికి వదలండి. ఊపిరి లేదు, అసిటోన్ లేదు, అయినా రీడింగు లేస్తుంది. మీరు ఇన్నాళ్ళూ చూసిన రీడింగులో ఎక్కువ భాగం ఇదే.

తడి సంగతి ఇంకొంచెం చెప్పాలి, నా పనిలో సగం దానితోనే. ఆపరేషన్ థియేటర్ మానిటర్లలో పేషెంటు ఊపిరిని లాగే సన్న ట్యూబు ఉంటుంది. విప్పి వెలుతురుకి పట్టుకుంటే లోపల గోడంతా సన్నసన్న నీటి పూసలు, వాటర్ ట్రాపు అడుగున నీళ్ళు. నోట్లోంచి వచ్చే గాలి 34 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసి ఉంటుంది, చల్లటి గోడ తగిలితే వెంటనే నీరవుతుంది. అసిటోన్ నీళ్ళలో ఇట్టే కలిసిపోతుంది కాబట్టి మీ గ్యాసు ఆ పూసల్లోనే ఆగిపోతుంది. ట్యూబునీ సెన్సరు డబ్బానీ 40 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచండి. తడి పోగొట్టాలని సిలికా జెల్ పెట్టొద్దు, అది అసిటోన్‌ని కూడా పట్టేసుకుంటుంది. సిలికాన్ ట్యూబు అసలే వద్దు, దాన్లోంచి వచ్చే ఆవిర్లు ఈ సెన్సర్లని చంపేస్తాయి. టెఫ్లాన్ ట్యూబు వాడండి.

ఊదినప్పుడు మొదట వచ్చే 150 మిల్లీలీటర్ల దాకా గాలి నోటిలో, గొంతులో, గాలి గొట్టాల్లో ఉన్నదే. రక్తంతో దానికి సంబంధం లేదు. దాన్ని బయటికి వదిలేసి చివరి గాలి పట్టాలి.

కొనడానికైతే ఫిగారో వాళ్ళ టీజీఎస్ 1820 అడగండి, ఊపిరిలో అసిటోన్ కోసమే చేసింది. పక్కన తేమ, ఉష్ణోగ్రత చూసే బీఎంఈ 280 ఒకటి. ఆర్డ్యునో సొంత ఏడీసీ (సెన్సరు వోల్టేజీని అంకెగా మార్చే భాగం) సరిపోదు, ఇంకా సన్నగా కొలిచే ఏడీఎస్ 1115 పెట్టండి.

చివరగా, అసలైన మాట. అసిటోన్ అనేది ఒళ్ళు కొవ్వుని కరిగించుకుంటోందని చెప్తుంది, రక్తంలో షుగరు ఎంతో చెప్పదు. ఉపవాసం ఉన్న ఆరోగ్యవంతుడికీ పెరుగుతుంది. అవ్వకి ఊదించి నంబరు చూసి మాత్ర వేసే పరిస్థితి రానివ్వొద్దు.

కావలి, ఐటీఐ ఎలక్ట్రానిక్స్:

అన్నా, పోలీసులు ఊదించే మిషన్లో సెన్సరు తీసి వాడితే? అది కూడా ఊపిరి కోసమే చేసింది గదా.

ఒంగోలు, బయోమెడికల్ సర్వీస్:

తమ్ముడూ, మంచి మిషన్లలో ఉండేది ఫ్యూయల్ సెల్. ఆల్కహాల్‌ని ప్లాటినం మీద ఆక్సీకరణం చేసి, ఆ కరెంటు కొలుస్తుంది. షుగరు రోగి ఊపిరిలో అసిటోన్ ఉన్నా అది తాగినట్టు చూపించదు. మన చట్టంలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఆ పనికి అది బాగుంటుంది. ఈ పనికి అసిటోన్‌ని చూడకపోవడమే దాని గుణం.

నెల్లూరు, డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ:

సార్, ఏ సెన్సరు కొన్నా కాలిబ్రేషన్ (ఎంత ఉందో ముందే తెలిసిన గ్యాసుతో రీడింగు సరిచూడడం) లేకుండా పీపీఎం అని రాయకండి, జడ్జిలు మొదట అడిగేది అదే. ఖరీదైన సిలిండర్ అక్కర్లేదు. 20 లీటర్ల నీళ్ళ క్యాను ఒకటి కడిగి బాగా ఆరబెట్టండి. ల్యాబులో శుద్ధమైన అసిటోన్ ఒక మిల్లీలీటరు తీసి నీటితో 100 మిల్లీలీటర్లకి చేయండి. ఇన్సులిన్ సిరంజిలో (100 యూనిట్లది) ఒక యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు. ఆ ద్రావణం ఒక యూనిట్ ఫిల్టర్ పేపరు ముక్క మీద వేసి క్యానులోకి జారవిడిచి, మూత బిగించి, పూర్తిగా ఆవిరయ్యేదాకా ఊపుతూ ఉండండి. లోపల సుమారు 1.7 పీపీఎం అవుతుంది. రెండు యూనిట్లకి 3.3. లెక్క అమ్మాయి చేతే వేయించండి: సాంద్రత 0.79, అణుభారం 58, మన గది వేడిలో మోలుకి దాదాపు 24.5 లీటర్లు. ప్రతిసారీ ఉత్త నీళ్ళు ఒక యూనిట్ వేసిన క్యానుతో పోల్చాలి. గోళ్ళ రంగు తుడిచే ద్రవం, శానిటైజరు ఆ గదిలోకే రానివ్వకండి.

కందుకూరు పీఎస్ టీచర్:

మేడమ్, అన్నా, ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఫ్లాస్కు ప్రయోగం చేశాం, మీరన్నట్టే రీడింగు లేచింది. కొంచెంసేపు మాట్లాడలేదు పిల్ల. తర్వాత తనే అడిగింది: "షుగరు నంబరు చెప్పలేకపోయినా, అవ్వకి కీటోన్లు పెరుగుతున్నాయని ముందుగా చెప్పగలదా సార్?" ప్రాజెక్టు పేరు అట్లా మార్చాం. రోజూ పరగడుపున ఒకే మనిషి ఊపిరి రీడింగులోంచి గది గాలి రీడింగు తీసేసి పోల్చడం. ముందు నేను, ఇంకో ఇద్దరు టీచర్లం ఊదుతాం.

ఒంగోలు, బయోమెడికల్ సర్వీస్:

అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న సార్, అదే పట్టుకోండి. ఇంకో రెండు జాగ్రత్తలు. ఒక్కొక్కరికి వేరే స్ట్రా, వెనక్కి పీల్చకుండా వన్‌వే వాల్వు తప్పనిసరి. దగ్గు ఉన్నవాళ్ళ చేత ఊదించొద్దు, టీబీ భయం ఉంది. సెన్సరు రాగానే రీడింగులు రాసుకోవద్దు, ఒక రాత్రంతా హీటరు వేసి ఉంచి పొద్దున మొదలుపెట్టండి. కరెంటు పోతే మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి యూపీఎస్ మీద పెట్టండి. ఇంట్లో గ్లూకోమీటరు ఎప్పటి మాదిరే నడవాలి. అవ్వకి సూదిపోటు వేలి కొసన కాకుండా పక్కన వేయమనండి, నొప్పి తగ్గుతుంది. పొడిచే ముందు గోరువెచ్చని నీళ్ళతో చేయి కడిగి కిందికి వేలాడేస్తే చుక్క తేలిగ్గా వస్తుంది.