వాన్ డె వెల్డేది దేశద్రోహమా, బతుకుతెరువా?

తెరచాప:
డచ్ చిత్రకారుడు విల్లెం వాన్ డె వెల్డే (పెద్దాయన, 1611–1693) గీసిన ఓడలంటే నాకు ప్రాణం, కానీ ఒక్క విషయం మాత్రం మింగుడుపడదు. ఏళ్ల తరబడి డచ్ నౌకాదళం వెంట తిరిగి, 1666లో ఇంగ్లండ్‌తో జరిగిన 'నాలుగు రోజుల యుద్ధం' అనే సముద్రయుద్ధానికి ముందు సేనాని డి రాయ్‌టర్ ఓడ మీద జరిగిన మంతనాల బొమ్మ కూడా గీసిన మనిషి, 1672-73 చలికాలంలో కొడుకు చిన్న విల్లెంతో ఇంగ్లండ్ చేరాడు. డచ్చివాళ్లకీ ఇంగ్లండ్‌కీ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. వెళ్లి నిలబడింది శత్రురాజు రెండో చార్లెస్ కొలువులో! ఇది ద్రోహం కాదా?

లంగరు:
1672లో డచ్ దేశంలో పరిస్థితి చూడండి. నేల మీద ఫ్రాన్స్ సైన్యం, సముద్రం మీద ఇంగ్లండ్, ఇక బొమ్మలు కొనే నాథుడేడీ? వెర్మీర్ అంతటి డచ్ చిత్రకారుడు ఆ దెబ్బకే అప్పులపాలై 1675లో పోయాడు. పైగా డచ్చివాళ్లు వచ్చి స్థిరపడొచ్చని చార్లెస్ స్వయంగా ప్రకటించాడు. 1674లో, సముద్రయుద్ధాల స్కెచ్‌లు గీసేందుకు తండ్రికి ఏడాదికి 100 పౌన్లు, వాటికి రంగులద్దేందుకు కొడుక్కి మరో 100, పని చేసుకోడానికి గ్రీనిచ్‌లోని క్వీన్స్ హౌస్‌లో చోటు. పిల్లాపాపలున్నవాడు కాదంటాడా?

తెరచాప:
వలస వెళ్లడాన్ని నేను తప్పుపట్టట్లేదండీ. డచ్చివాళ్లు ఇంగ్లండ్, ఫ్రాన్స్ నౌకలతో తలపడ్డ సోల్‌బే యుద్ధాన్ని 1672లో డచ్ వైపు నుంచి చూసి గీసుకున్న బొమ్మల అనుభవంతోనే, తర్వాత అదే యుద్ధం మీద చార్లెస్ కోసం గోడలకి వేలాడదీసే నేతపటాలకు డిజైన్లు ఇచ్చాడు. నాకు నొప్పి అక్కడ.

లంగరు:
మరి ఆయన పనేమిటో కూడా చూడాలిగా. 1653లో డచ్, ఇంగ్లండ్ నౌకాదళాల మధ్య జరిగిన టెర్‌హైడ్ యుద్ధం మీద ఆయన వేసిన బొమ్మ రంగుల చిత్రం కాదు, తెల్లపూత మీద కలంతో, సిరాతో గీసింది, తెరచాపల తాళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు. అందులో చిన్న ఓడలో కూర్చుని కాగితం మీద గీసుకుంటున్న మనిషి ఆయనే. ఫిరంగుల మధ్యకి వెళ్లి కళ్లారా చూసింది గీయడమే ఆయన వృత్తి, జీతం ఎవరిచ్చినా ఓడ ఓడలాగే ఉండేది. ఇంకో మాట, 1686లో ఆమ్‌స్టర్‌డామ్ రేవు అధికారులు తమ రేవు బొమ్మ కావాలని ఇంగ్లండ్‌లో ఉన్న ఆ కొడుకుకే పని ఇచ్చారు. దాని నడిమధ్య ఆ కొడుకు నిలబెట్టిన ఓడ గౌడెన్ లేవ్, 1673లో టెక్సెల్ అనే డచ్ దీవి దగ్గర ఇంగ్లిషువాళ్ల మీద డచ్ సేనాని ట్రాంప్ నడిపిన ఓడ. ఆ తండ్రీకొడుకుల్ని ద్రోహులనుకుని ఉంటే ఆ ఊరివాళ్లు ఆ ఓడ బొమ్మని ఆ కొడుకు చేతిలో పెట్టేవారా?