వినికిడి లోపమున్న పిల్లలకు ఊరిబడి మేలా, ప్రత్యేక పాఠశాల మేలా?

చర్చాంశం: నిర్దేశిత స్థాయి (కనీసం 40 శాతం) వైకల్యం కలిగిన 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు దగ్గరలోని బడిలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకోవచ్చునని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. వినికిడి లోపమున్న పిల్లల విషయంలో ఏది మేలు?

కావలి నుంచి ఒక తల్లి:
మా అమ్మాయి ఊరిబడిలో నాలుగో తరగతి చదువుతోంది. హాజరుపట్టీలో పేరుంది, మార్కులూ పడుతున్నాయి, చదువు మాత్రం అబ్బలేదు. మాస్టారు బోర్డు వైపు తిరిగి చెబుతున్నంతసేపూ ఆయన పెదవులు కనిపించవు; చెవి మిషను ఆయన గొంతుతో పాటు ఫ్యాను చప్పుడునూ, బల్లలు జరిపే మోతనూ పెద్దది చేసి వినిపిస్తుంది. పక్క పిల్ల నోటుపుస్తకం చూసి తప్పులతో సహా దించుకుంటుంది. ప్రత్యేక పాఠశాలకు పంపుదామంటే, హాస్టల్లో పడేసి చేతులు దులుపుకుంటావా అని మావాళ్లే నిలదీస్తున్నారు.

ఒంగోలు నుంచి ప్రత్యేకోపాధ్యాయుడు:
అమ్మా, మీ బాధ న్యాయమైనదే గానీ, తప్పు ఊరిబడిది కాదు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేసే కొద్దిమంది ఐఈఆర్‌పీలే (సహిత విద్యా రిసోర్సు పర్సన్లే) బడులన్నీ తిరగాలి. ప్రత్యేకోపాధ్యాయుల సంఖ్యకు ప్రమాణాలు ఖరారు చేయాలని రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది; ప్రాథమిక స్థాయిలో వైకల్యమున్న పిల్లలు 10 మందికొకరు, పై తరగతుల్లో 15 మందికొకరు చొప్పున ఉండాలని కేంద్రం 2022లో నిర్దేశించింది. ఆ నియామకాల కోసం పట్టుబట్టకుండా పిల్లలను ఊరికి దూరం చేస్తే, రేపు ఆ ఊరిలోనే బతకవలసిన వారికి తోటివారు పరాయివారవుతారు.

పొదిలి నుంచి బధిరుల పాఠశాల పూర్వ విద్యార్థి:
మాస్టారూ, నియామకాలు జరిగేదాకా ఆ పిల్ల వయసు ఆగదు కదా. ప్రత్యేక పాఠశాలలో చేరిన తరువాతే నేను తోటి పిల్లల సైగలు చూసి అడగడం, వాదించడం, చివరకు అబద్ధమాడడం కూడా నేర్చుకున్నాను. సెలవులకు ఇంటికి వస్తే, తిన్నావా అన్న సైగ దాటి మా అమ్మతో మాట సాగేది కాదు. అదీ చిన్న నష్టం కాదు. భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణం సహిత విద్యను, అంటే అందరితో కలిపి చదివించడాన్ని, కోరుతూనే, బధిర పిల్లలకు తగిన భాషలో బోధన జరగాలని, సైగల భాష నేర్చుకునే వీలు కల్పించాలని కూడా చెబుతోంది. అందుచేత ఊరికొక బధిర బాలికను ఒంటరిగా కూర్చోబెట్టే బదులు, చుట్టుపక్కల పిల్లలందరినీ ఒకే మామూలు బడిలో చేర్చి, సైగల భాష వచ్చిన టీచరును అక్కడే ఉంచాలి.

కావలి నుంచి ఆ తల్లి:
ఆ బడి మా మండలంలో ఉంటే రేపే చేర్పిస్తాను. అది ఏర్పడేవరకు మాత్రం ప్రత్యేక పాఠశాలకే పంపుతాను. బంధువులకు సమాధానం నేనే చెప్పుకుంటాను.