‘త్రయస్త్రిషు’నా, ‘త్రయ స్త్రీషు’నా?

పటమట: అమ్మాయి కీబోర్డు క్లాసులో స్టాఫ్ (స్వరాలు రాసే అయిదు గీతల వరస) దాకా వచ్చారు. గోడకి చార్టు గీస్తున్నాను. పైన ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాల గుర్తు) అయిదు గీతలు, కింద బేస్ క్లెఫ్ (కింది స్వరాల గుర్తు) అయిదు, రెంటి నడుమ చిన్న అడ్డగీత మీద మిడిల్ సి (కీబోర్డు నడిమి ‘సి’ స్వరం). పక్కన అమరం (సంస్కృత నిఘంటువు అమరకోశం) పాదం ఒకటి రాద్దామంటే సగంలో ఆగింది. ‘కలో మంద్రస్తు గంభీరే తారోఽత్యుచ్చైస్త్రయ...’ మంద్రం గంభీరమైన ధ్వని, తారం బాగా హెచ్చు ధ్వని. తర్వాత? తాతగారు ‘స్త్రీషు’ అని దీర్ఘం తీసేవారని చెవిలో ఉంది. అంటే తారం ఆడవాళ్ళదనా? అలాగైతే చార్టుకి భలే అతుకుతుంది, కింద మగ గొంతు, పైన ఆడ గొంతు.

బ్రాడీపేట మాస్టారు: అతకదండీ. ఇది అనుష్టుప్పు (పాదానికి ఎనిమిదక్షరాల ఛందస్సు)లో సరిపాదం, ‘ద్విచతుష్పాదయోర్హ్రస్వం సప్తమం’, రెండో నాలుగో పాదాల్లో ఏడోది హ్రస్వం. ఏడో అక్షరం స్త్రీ అయితే గురువై కూర్చుంటుంది. త్రిషు, హ్రస్వమే. తాతగారు రాగం తీసి ఉంటారు.

కొరిటెపాడు: హ్రస్వమే అనుకుందాం మాస్టారూ. ‘ముగ్గురు మూడింట’ అంటే ఉరస్సు, కంఠం, శిరస్సు కాదా? మంద్ర, మధ్య, తార అని మూడు స్థాయిలకి మూడు స్థానాలు. నాకైతే సంగీతమే వినిపిస్తోంది.

బ్రాడీపేట మాస్టారు: మీకు సంగీతం వినిపిస్తోంది, అమరుడు వ్యాకరణం చెప్తున్నాడు. ‘త్రిలింగ్యాం త్రిష్వితి పదం’ అని మొదట్లోనే పరిభాష పెట్టుకున్నాడుగా. కల, మంద్ర, తార ఈ మూడూ మూడు లింగాల్లోనూ నడుస్తాయని, అంతే.

కొరిటెపాడు: మరి కొన్ని ప్రతుల్లో దీని వెంటే ‘నృణామురసి మధ్యస్థో ద్వావింశతివిధో ధ్వనిః, స మంద్రః కంఠమధ్యస్థస్తారః శిరసి గీయతే’ అని ఉంటుంది. గుండెలో మంద్రం, తలలో తారం. కంఠంలో ఉన్నదాని పేరేది? పై పాదంలో మిగిలింది ‘కల’ ఒక్కటే. కలమే మధ్యమస్థాయి అంటాను.

బ్రాడీపేట మాస్టారు: అది ప్రక్షిప్తం, తర్వాత ఎవరో చేర్చింది. పైగా ‘కలో’ని మంద్రంతో కలిపి చదువుతున్నారు, దాని అర్థం దీనికి ముందున్న పాదంలో ఉంది: ‘ధ్వనౌ తు మధురాస్ఫుటే’. తియ్యగా, అస్పష్టంగా ఉండే ధ్వని. అది గుణం, స్థాయి కాదు.

సత్యనారాయణపురం: వీణ చెప్పేదాన్ని, నాదొక మాట. శ్లోకం మీ ఇష్టం గానీ ఆ చార్టు మీద మంద్రం, తారం రాయకండి బాబూ. స్టాఫ్ మీద గీత ఎక్కడుందో స్వరం అక్కడే. మన మంద్రం పాడేవాళ్ళ షడ్జాన్ని (ఆధార స్వరం ‘స’ని) పట్టి కదులుతుంది. ఒకటి శ్రుతి (‘స’ అంటే సి) మగవాళ్ళ మధ్యస్థాయి షడ్జం బేస్ క్లెఫ్‌లో కింది నుంచి రెండో సందులో పడుతుంది. అయిదు శ్రుతి (‘స’ అంటే జి) అమ్మాయి షడ్జం ట్రెబుల్ అయిదు గీతలకీ కింద, రెండు అడ్డగీతలు దాటాక. అంటే ఆయన పంచమం (‘ప’) ఈవిడ షడ్జం. ఇక ‘స్త్రీషు’ తారం ఎక్కడిది? మా వీణలో మంద్రం, అనుమంద్రం అన్నవి తీగల పేర్లు కూడా. సారణి (మొదటి తీగ) నుంచి అనుమంద్రం దాకా నాలుగు తీగలూ, ఇరవై నాలుగు మెట్లూ కలిపితే మూడున్నర స్థాయిలు. దాన్ని ఏ ఒక్క క్లెఫ్‌లో ఇరికిస్తారు?

కీబోర్డు కుర్రాడు: ఆంటీ చెప్పిందానికి తోడు: గిటారు రాసినచోట మోగదు, ఒక స్థాయి కింద మోగుతుంది. పికోలో (చిన్న ఫ్లూటు) ఒక స్థాయి పైన. వయోలాకి (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) వేరే క్లెఫ్, మధ్యగీతే మిడిల్ సి. దాని కింది రెండు తీగలు సి, జి. ఆంటీ చెప్పిన ఇద్దరి షడ్జాలూ అవే!

పటమట: వయోలా అంటే బాలమురళిగారు వాయించినదేగా?

సత్యనారాయణపురం: అవును. మూడు స్థాయిల్లో పాడే మనిషికి వయొలిన్ కింది తీగ చాలలేదేమో అని నా ఊహ.

కొరిటెపాడు: గాత్రం సంగతి సరే. స్థాయి తెలిసి పద్యం కట్టినవాడు రామరాజభూషణుడు. ఊరికే అన్నారా సంగీత కళారహస్యనిధి అని? వసుచరిత్ర పద్యాలు వీణ మీద పలికించేవాళ్ళట. ‘నానాసూన’ శార్దూలం ఒక్కసారి పైకి చదవండి, గురువుల దగ్గర గొంతు దానంతటదే దిగుతుంది.

బ్రాడీపేట మాస్టారు: శార్దూలం ఎవరు రాసినా ఆ గురువులు అక్కడే పడతాయి. అందులో ఆయన గొప్పేం లేదు. పైగా ఆ పద్యం ముక్కు తిమ్మన దగ్గర కొన్నదన్న కథ...

కొరిటెపాడు: కథే మాస్టారూ! తిమ్మన పారిజాతాపహరణంలో ఆ ఊపు చూపించండి, ఒప్పుకుంటా.

బ్రాడీపేట మాస్టారు: సత్యభామ కోపం పద్యాలు మరిచారా? రాత్రికి నాలుగు పెడతాను.

పటమట: అయ్యా, నా చార్టు! పాదం ‘త్రయస్త్రిషు’ అని రాసేస్తాను. ‘కలో’ దగ్గర ఏం అర్థం ఇవ్వమంటారు?

కొరిటెపాడు: మధ్యస్థాయి.

బ్రాడీపేట మాస్టారు: రాయకండి.